పాత రంద (చిత్రిక) మెషిన్ మళ్లీ పనిలోకి తేవాలి: మోటరు మార్చాలా, బేరింగులు మార్చాలా?

టేకుపొట్టు_హసన్‌పర్తి:

అన్నలందరికీ నమస్తే. హుజూరాబాద్ వైపు ఒక పాత వడ్రంగి కార్ఖానా తీసేస్తుంటే అక్కడి మల్టీపర్పస్ మెషిన్ నేను కొన్నాను. మొత్తం పోత ఇనుము. పైన 12 అంగుళాల రంద, అదే షాఫ్టుకు ఒక పక్క 10 అంగుళాల గుండ్రటి రంపం, ఇంకో కొసకు డ్రిల్ చక్, చక్ ముందు దర్వాజలకు బెజ్జాలు కొట్టుకునే చిన్న బల్ల. కంపెనీ రేకు ఊడిపోయింది, ఏ ఊరి తయారీయో తెలిసే గుర్తేమీ లేదు. మోటరు 2 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, రేకు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది.

మా పాత పెంకుటిల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలు, దర్వాజలు పెరట్లో పేర్చి ఉన్నాయి. వాటితో అమ్మకు ఒక దివాన్, తర్వాత వంటింట్లోకి అల్మారా చేయాలని నా కోరిక. బయట మిల్లుకు పంపితే ఎవరి కర్ర ఎవరికి వస్తుందో తెలియదు, ఈ కర్ర నాకు ముఖ్యం.

బాధలు ఇవీ. స్విచ్ వేస్తే మోటరు కాసేపు హమ్మని మూలిగి నెమ్మదిగా లేస్తుంది. పొద్దున ఎలాగో నడుస్తుంది, సాయంత్రం అయితే ఒక్కోసారి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) పడిపోతుంది. తిరుగుతున్నప్పుడు రంపం వైపు నుంచి సన్నగా కీచుమని వస్తుంది. పలక రంద పడితే అంతా బాగానే వచ్చి, చివరి రెండు మూడు అంగుళాల దగ్గర లోతుగా కొరికేస్తుంది. రంపం కోస్తే టేకు నల్లగా మాడుతోంది. బల్లల మీద తుప్పు సరేసరి, వానాకాలమంతా షెడ్డులోనే ఉంది.

చూసినవాళ్లు ఒకరు మోటరు పోయింది, 3 హెచ్‌పీ వెయ్యమన్నారు. ఇంకొకరు ఇనుము బరువుకు అమ్మేసి కొత్త చేతి మెషిన్లు కొనుక్కోమన్నారు. నాకు అమ్మే ఉద్దేశం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గోదావరిఖని_ఫిట్టర్:

తమ్మీ, ఆ మెషిన్ అమ్మొద్దు. నేను సింగరేణి వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో ఇలాంటి మెషిన్ మీదే మనవళ్లకు కుర్చీలు, పీటలు చేస్తుంటాను. ఈ పాత మెషిన్లలో కంపెనీవాడే ఇవ్వాల్సిన భాగం దాదాపు ఏదీ ఉండదు. బేరింగు, బెల్టు, బోల్టు, కెపాసిటర్ అన్నీ బజారు సరుకే. పోత ఇనుము బాడీ పగలనంత వరకు దీన్ని నిలబెట్టుకోవచ్చు. కంపెనీ రేకు లేదని బెంగ పెట్టుకోకు.

ఏదీ కొనకముందు ఒక పని చెయ్యి. ప్లగ్ పీకేసి బెల్టులు తీసెయ్. ఇప్పుడు నీ దగ్గర రెండు వేర్వేరు మెషిన్లున్నట్టు లెక్క, మోటరు ఒకటి, షాఫ్టు ఒకటి. జబ్బు ఎందులో ఉందో అప్పుడు దానంతటదే తెలుస్తుంది. బెల్టు ఉండగా ఎంతమంది చూసినా ఊహలే చెప్తారు.

ముందు షాఫ్టు. రంద బ్లేడ్లు చెయ్యి కోస్తాయి, అవి బిగించి ఉన్న బ్లాకును ముట్టుకోకుండా పుల్లీ పట్టుకుని నెమ్మదిగా తిప్పు. మంచి బేరింగు చప్పుడు లేకుండా తిరుగుతుంది. పోయినదైతే బియ్యంలో రాళ్లు తగిలినట్టు వేళ్లకు గరగరమని తెలుస్తుంది. తర్వాత పుల్లీని పైకీ కిందికీ ఊపు. కొంచెం కదిలినా అది లెక్కే. రంపం వైపు కీచుమంటోంది అన్నావు కాబట్టి నా అనుమానం ముందు అక్కడికే పోతోంది. రంపం పొట్టు, రంద పొట్టు రెండూ ఆ మూలకే చేరతాయి, లోపల గ్రీజును పీల్చి గట్టి ముద్ద చేస్తాయి.

తర్వాత మోటరు. బెల్టు లేకుండా ప్లగ్ పెట్టి స్విచ్ వెయ్యి. టక్కున లేచి ఒకే శ్రుతిలో తిరిగిందా, మోటరులో పెద్ద రోగం లేదు. ఒట్టిగా కూడా మూలుగుతోందా, మోటరు లేవడానికి ఊతమిచ్చే కెపాసిటరో, వేగం అందుకోగానే ఆ ఊతాన్ని విడదీసే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చో. దాని సంగతి నాకంటే వైండింగ్ తెలిసినవాళ్లు బాగా చెప్తారు. 3 హెచ్‌పీ ఆలోచన మాత్రం పక్కన పెట్టు. బిగుసుకున్న షాఫ్టుకు పెద్ద మోటరు కడితే బేరింగు ఇంకా తొందరగా కాలిపోతుంది.

చివరలో కొరకడం మోటరు వల్లా కాదు, బేరింగు వల్లా కాదు. కర్ర బయటికి వచ్చే బల్ల బ్లేడు కొస కంటే కిందికి దిగి ఉంది. పలక వెనక కొస ఇవతలి బల్ల దాటగానే ఆధారం పోయి పలక కిందికి వాలుతుంది, అప్పుడు బ్లేడు లోతుగా తింటుంది. అదే బల్ల బ్లేడు కంటే పైకి ఉంటే పలక ముందు కొస బల్ల అంచుకు తగిలి ఆగిపోతుంది. రెండూ సమానంగా ఉండాలి. కానీ బేరింగు లూజుగా ఉండగా ఈ మట్టం సరిచేస్తే మళ్లీ పోతుంది, కాబట్టి ఇది ఆఖరి పని.

బెల్టు తీసి చూసింది రాయి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.

కాజీపేట_వైండింగ్:

కాక చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మోటరు సంగతి నేను చెప్తాను. పొద్దున నడిచి సాయంత్రం మొరాయిస్తోంది అంటే వైండింగ్ కంటే ముందు ఓల్టేజీని అనుమానించు అన్నా. మీటరును షెడ్డులోని సాకెట్ దగ్గరే పెట్టి, స్విచ్ వేసిన క్షణంలో ఎంతకు పడుతుందో చూడు. ఆగి ఉన్నప్పుడు చూసిన అంకెతో పని లేదు. 2 హెచ్‌పీ మోటరు నడుస్తున్నప్పుడు పది ఆంపియర్ల చుట్టుపక్కల లాగుతుంది, లేచేటప్పుడు మాత్రం దానికి ఐదారు రెట్లు. ఆ క్షణంలో 230 కాస్తా 180కి దిగిందనుకో, మోటరు లాగే బలం ఐదింట మూడు వంతులే మిగులుతుంది. ఎందుకంటే ఓల్టేజీ తగ్గిన దానికి వర్గం లెక్కన బలం తగ్గుతుంది. అప్పుడు మూలగక ఏం చేస్తుంది?

ఇంటి మీటరు నుంచి షెడ్డు దాకా ఏ వైరు వేశారు, ఎంత దూరం? అది చెప్పు.

కెపాసిటర్ మార్చాల్సి వస్తే పాతదాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్లు, ఓల్టేజీ రెండూ చూసి అవే తేవాలి. విప్పే ముందు దాని రెండు కాళ్లకు ఒక బల్బు హోల్డర్ వైర్లు తగిలించి, లోపలి కరెంటు దిగేలా చెయ్యి. ప్లగ్ పీకేసినా అందులో షాక్ నిలిచే ఉంటుంది. ఉబ్బినా, నూనె కారినా టెస్ట్ అక్కర్లేదు, మార్చేయడమే. ఇంకో మాట, మూలుగుతున్న మోటరును చేత్తో తిప్పి లేపే అలవాటు చాలామందికి ఉంది. రంద మెషిన్ దగ్గర ఆ పని ఎప్పుడూ చేయకు.

టేకుపొట్టు_హసన్‌పర్తి:

కాకా, కాజీపేట అన్నా, ఇద్దరికీ దండాలు. బెల్టులు తీసి చూశాను.

మోటరు ఒట్టిగా టక్కున లేచింది. అంటే మోటరు బాగుంది! షాఫ్టు మాత్రం కాక రాసినట్టే గరగరమంది. రంపం వైపు పుల్లీ పట్టి ఊపితే చేతికి తెలిసేంత కదులుతోంది. ఆ పక్క బేరింగు కూర్చునే హౌసింగ్ చుట్టూ ఎర్రటి పొడి పట్టి ఉంది, తుడిస్తే సన్నటి తుప్పు పిండిలా వస్తోంది.

ఓల్టేజీ కూడా చూశాను. సాయంత్రం ఆగి ఉన్నప్పుడు 218, బెల్టు వేసి స్విచ్ వేస్తే 176కి పడి మళ్లీ లేస్తోంది. ఇంటి నుంచి షెడ్డుకు దాదాపు ముప్పై మీటర్లు, వైరు 1.5 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్లు). లైటు కోసం వేసిన వైరు అది.

మోటరు పుల్లీ 8 అంగుళాలు, షాఫ్టు పుల్లీ రెండున్నర. బెల్టులు రెండు, ‘ఏ’ సెక్షన్ సైజువి. ఒకటి వదులుగా వేలాడుతోంది, రెండోది పక్కలకు అద్దంలా మెరుస్తోంది. బేరింగు విప్పడానికి ఇంట్లో ఏం కావాలి? లేత్ షాపుకు షాఫ్టు మొత్తం తీసుకుపోవాలా?

గోదావరిఖని_ఫిట్టర్:

బాగా చూశావు తమ్మీ. ఎర్ర పొడి అని రాశావే, అది నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట. బేరింగు లోపలి రింగు షాఫ్టు మీద బిగువుగా కూర్చోకుండా జారుతూ తిరిగితే ఇనుము ఇనుముకు రాసుకుని ఆ పొడి వస్తుంది. కాబట్టి బేరింగులతో పాటు షాఫ్టు కూడా చూపించాల్సిందే. లేత్ షాపుకు మొత్తం తీసుకుపో.

విప్పే ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచి ఫొటోలు తియ్యి. పుల్లీ షాఫ్టు మీద ఎక్కడ కూర్చుందో సుద్దతో కాకుండా గీతతో గుర్తు పెట్టు. రంద బ్లేడ్లు ముందే తీసి మందపాటి గుడ్డలో చుట్టి ఎత్తులో పెట్టు. రంపం నట్టు దగ్గర ఆగు. చాలా మెషిన్లలో అది ఎడమ మర (మామూలుకు ఎదురు తిరిగేది) ఉంటుంది, తిరిగేటప్పుడు వదులు కాకుండా అలా పెడతారు. పైపు పెట్టి బలం చూపించే ముందు మర ఎటు వాలి ఉందో కంటితో చూసుకో.

హౌసింగ్ బోల్టులు తీసేటప్పుడు కింద సన్నటి రేకు ముక్కలు కనిపిస్తే వాటిని పారెయ్యకు. షాఫ్టు బల్లకు సమానంగా కూర్చోవడానికి తయారు చేసినవాడు పెట్టినవి. ఏ పక్కది ఆ పక్కకే పోవాలి.

బేరింగును సుత్తితో కొట్టి ఊడదీయొద్దు, పుల్లర్ (పట్టి లాగే పనిముట్టు) పెట్టు. అద్దెకు దొరకకపోతే ఆ పని కూడా లేత్ షాపులోనే చేయించు. రింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6205 అంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. 6206 అయితే లోపల 30, బయట 62, మందం 16. చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే లోపలి కొలత వస్తుంది. రెండు పక్కలా ఒకే నంబరు ఉంటుందని అనుకోకు, రెండూ చూడు. కొనేటప్పుడు రెండు వైపులా రబ్బరు మూత ఉన్నదే అడుగు. చెక్కపొట్టు ఉన్నచోట రేకు మూత సరిపోదు, సన్న దుమ్ము దూరుతుంది. మంచి కంపెనీది బిల్లుతో తీసుకో, ఈ నంబర్లలో నకిలీ సరుకు బాగా తిరుగుతోంది.

షాఫ్టు అరిగిన చోట కొందరు పంచ్‌తో చుక్కలు కొట్టి బేరింగు ఎక్కిస్తారు. వద్దను. నిమిషానికి నాలుగు వేల పైన తిరిగేచోట ఆ చుక్కలు ఎన్నాళ్లో నిలవవు. వెల్డింగ్ పెట్టి మళ్లీ లేత్ మీద కొలతకు తీయించాలి, లేదా ఆ చోట బుష్ (లోహపు గొట్టం ముక్క) ఎక్కించాలి. అరుగుదల మరీ తక్కువైతే బేరింగు నిలిపే గమ్ము సరిపోతుంది, అది లేత్ మేస్త్రీ కొలిచి చెప్తాడు. వెల్డింగ్ పెడితే షాఫ్టు వంగిందేమో రెండు సెంటర్ల మధ్య పెట్టి వంపు కొలిచే డయల్‌తో చూపించమను. ఆ ఒక్క మాట నువ్వు అడగకపోతే చాలా చోట్ల చూడరు.

కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్క పెట్టి, దాని మీదే నెట్టాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీద పడుతుంది, కొత్త బేరింగు మొదటి రోజు నుంచే మోగుతుంది.

నీ పుల్లీల లెక్క కూడా చూశాను. 1440ని 8తో గుణించి రెండున్నరతో భాగిస్తే 4600 చిల్లర. రందకు ఇది సరైన వేగమే, పుల్లీలు మార్చకు. బెల్టులు మాత్రం రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి వెయ్యి. ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే కొత్తదే మొత్తం బరువు మోస్తుంది. బిగువు ఎంత అంటే, మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే ఎనిమిది పది మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే బిగిస్తే కొత్త బేరింగుకే చేటు.

కాజీపేట_వైండింగ్:

వైరు సంగతి నేను ముగిస్తాను. ముప్పై మీటర్లకు 1.5 చాలదు అన్నా. 4 ఎస్‌క్యూఎంఎం రాగి వైరు వేయించు, ఎర్త్ వైరుతో సహా. ఎంసీబీ సీ టైపు (మోటరు లేచే క్షణంలో లాగే కరెంటుకు పడిపోనిది) ఉండాలి, ఎన్ని ఆంపియర్లో మీ ఎలక్ట్రీషియన్ వైరును బట్టి చెప్తాడు. ప్లగ్‌తో నడపకుండా డీఓఎల్ స్టార్టర్ (పచ్చ, ఎర్ర బటన్లుండే మోటరు స్విచ్) పెట్టించు. ఇది నేను బతిమాలి చెప్తున్నాను. కరెంటు పోయి వచ్చిందనుకో, మామూలు స్విచ్ అయితే నువ్వు బల్ల మీద చెయ్యి పెట్టి పొట్టు తుడుస్తున్నప్పుడు మెషిన్ దానంతటదే లేస్తుంది. స్టార్టర్‌లో కరెంటు పోగానే కాయిల్ పట్టు వదిలేస్తుంది కాబట్టి మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. ఎర్ర బటన్ మోకాలికో తొడకో అందే ఎత్తులో పెట్టించు, చేతుల్లో పలక ఉంటుంది కదా.

నిర్మల్_చెక్కపని:

ఇక్కడ బేరింగుల గురించి అంతా వచ్చేసింది, నేను బ్లేడ్ల గురించి రాస్తాను. మాది నిర్మల్, ఇంట్లో అందరం బొమ్మల పనిలో ఉన్నాం. మా పొనికి కర్ర మెత్తన, దాని మీద పదును చాలా రోజులు నిలుస్తుంది. అల్లుడు టేకు ఫర్నిచర్ చేస్తాడు, అతని బ్లేడ్లు చూస్తే తేడా తెలుస్తుంది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పదును తినేస్తుంది. పైగా తమ్ముడిది పాత ఇంటి కర్ర. దూలాల్లో తల విరిగిన మేకులు లోపలే ఉంటాయి. ఇనుప బ్రష్‌తో మట్టి, సున్నం దులిపి, స్పీకర్‌లోని అయస్కాంతం పట్టుకుని పలక పొడుగునా నడిపించు. ఒక్క మేకు తగిలితే బ్లేడ్లన్నిటి అంచూ ఒకే చోట విరుగుతుంది, ఆ తర్వాత పట్టిన ప్రతి పలక మీదా సన్నటి గట్టు నిలుస్తుంది.

బ్లేడ్లు సాన పట్టించి తెచ్చాక వంటింటి డిజిటల్ తక్కెడ మీద తూచు. అన్నీ ఒకే బరువుండాలి. ఒకటి తేలికైతే అంత వేగంలో బ్లాకు అదురుతుంది, కాక వేయించిన కొత్త బేరింగే మళ్లీ పాడవుతుంది. బరువున్నదాన్ని వెనక వైపు నుంచి రాకి సమానం చేయమని సానవాళ్లకే చెప్పు.

బిగించేటప్పుడు సరైన అంచున్న ఒక చెక్క పట్టీని, కర్ర బయటికి వచ్చే బల్ల మీద పెట్టి బ్లేడు పైకి వచ్చేలా జరుపు. పట్టీ మీద బల్ల అంచు దగ్గర పెన్సిల్ గీత గియ్యి. పుల్లీ పట్టుకుని బ్లాకును పని చేసే వైపుకు నెమ్మదిగా తిప్పితే బ్లేడు కొస పట్టీని కొంచెం ఈడ్చుకుపోతుంది. మూడు మిల్లీమీటర్లు జరిగిందనుకో, అదే బ్లేడు రెండో కొస దగ్గర కూడా మూడే జరగాలి, మిగతా బ్లేడ్లకూ మూడే. జరగడం తక్కువున్న వైపు బ్లేడు పైకి లేపాలి. బోల్టులు ఒకేసారి బిగించకుండా మధ్యలోంచి కొసలకు కొంచెం కొంచెంగా బిగించు, కాసేపు నడిపి ఆపి మళ్లీ ఒకసారి చూడు. బ్లాకు గుండ్రంగా ఉందా, చతురస్రంగా ఉందా తమ్ముడూ? పాతవాటిలో చతురస్రం బ్లాకులుంటాయి. వాటికీ బల్లకూ మధ్య సందు పెద్దది, వేళ్లు లోపలికి పోతాయి. అలాంటిదైతే దాని మీద పని చేయకుండా గుండ్రటి బ్లాకు చేయించాలి.

టేకుపొట్టు_హసన్‌పర్తి:

అక్కా, బ్లాకు గుండ్రందే. మీరు చెప్పిన అయస్కాంతం పని నిన్న ఒక దూలం మీద చేశాను, పైకి ఏమీ కనపడని చోట రెండు మేకులు దొరికాయి. బలే పనికొచ్చింది.

షాఫ్టు లేత్ షాపులో ఉంది. రంపం వైపు అరిగింది నిజమే, వెల్డింగ్ పెట్టి తీస్తున్నారు, డయల్‌తో చూపించమని గట్టిగా చెప్పాను. రంపం వైపు 6206, చక్ వైపు 6205 వచ్చాయి. 4 ఎస్‌క్యూఎంఎం వైరు లాగేశారు.

ఈలోపు బల్లల తుప్పు తీస్తున్నాను. దీనికి ఏ నూనె పూయాలి? డ్రిల్ చక్‌తో పావు అంగుళం నుంచి ముప్పావు దాకా అన్ని బెజ్జాలు వేసుకోవచ్చా? రంపం మాడ్చడం గురించి కూడా ఎవరూ రాయలేదు.

గోదావరిఖని_ఫిట్టర్:

తుప్పుకు కిరోసిన్ తడిపి, చెక్క దిమ్మకు 220 ఎమరీ కాగితం చుట్టి, బల్ల పొడుగు వెంట రుద్దు. గ్రైండర్ పెట్టకు, పల్లాలు పడతాయి. తుడిచి ఆరాక నూనె పూయొద్దు. నూనె కర్రకు అంటితే తర్వాత పాలిష్ పట్టదు. మైనం రుద్ది పొడిగుడ్డతో మెరిసేదాకా తుడువు, పలక కూడా సులువుగా జారుతుంది. బల్లను పైకీ కిందికీ జరిపే వాలు గాడుల్లో కూడా గ్రీజు దట్టించకు, పొట్టంతా అక్కడే ముద్ద కడుతుంది. పలచగా మెషిన్ నూనె పూసి తుడిచేస్తే చాలు.

రంపం మాడ్చడానికి ముందు పళ్లు చూడు, మొండిబారి ఉంటే సాన పట్టించు. తర్వాత గైడు, అంటే కర్రను ఆనించి నెట్టే పట్టీ. రంపం ముందు పన్ను నుంచి గైడుకు ఎంత దూరం ఉందో, అదే పన్నును వెనక్కి తిప్పి అక్కడా కొలువు. వెనక తక్కువుంటే కర్ర ఇరుక్కుని మాడుతుంది, పళ్లకు తగిలి నీ మీదికి ఎగిరి కూడా వస్తుంది. రంపం వెనక ఒక నిలువు రేకు ఉండాలి, కోసిన సందు మూసుకోకుండా పట్టేది. నువ్వు దాని మాటే రాయలేదు, అందుకే లేదనుకుంటున్నాను. లేకపోతే షాఫ్టుతో పాటు అది కూడా ఆ లేత్ షాపులోనే చేయించుకో. రంపం దంతాల కోత మందం కంటే పలచగా, రంపం రేకు కంటే కొంచెం మందంగా ఉండాలి. అది బిగించేదాకా నిలువుకోత కొయ్యకు.

డ్రిల్ చక్ సంగతి. అదీ 4600 మీదే తిరుగుతుంది తమ్మీ. ముప్పావు అంగుళం బిట్టుకు అది చాలా ఎక్కువ వేగం, కర్ర కాలుతుంది, పొడుగు బిట్టయితే వంగి కొరడాలా కొడుతుంది. గాడి బెజ్జాలకు దొరికే పొట్టి బిట్లు, 12 మిల్లీమీటర్ల లోపువే పెట్టు. పక్కకు నెట్టేటప్పుడు ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్ల లోతే తియ్యి, చక్ పక్క ఒత్తిడికి తయారైంది కాదు. అంతకంటే పెద్ద బెజ్జాలు చేతి డ్రిల్‌తో వేసుకో.

మూడు పనులూ ఒకే షాఫ్టు మీద ఉన్నాయని ఎప్పుడూ మర్చిపోవద్దు. నువ్వు రంద పడుతున్నప్పుడు రంపమూ తిరుగుతుంది, చక్ కూడా తిరుగుతుంది. రంద పని రోజు రంపం విప్పి పక్కన పెట్టు, చక్‌లో బిట్టు ఉంచకు, చక్ మీద డబ్బా మూత బిగించు. గ్లౌజులు వేసుకోకు, ఫుల్ చేతుల చొక్కా, మెడలో కండువా వద్దు. పొట్టి ముక్కలు, అడుగు లోపువి, రంద మీద పెట్టకు. వాటికి చేతి రంద ఉంది.

షాఫ్టు వచ్చాక వరస ఇది: షాఫ్టు, బెల్టులు, ఒట్టిగా పది నిమిషాల పరుగు. ఆపి, ప్లగ్ పీకి హౌసింగ్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే మంచిదే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బెల్టు బిగువు తగ్గించి మళ్లీ చూడు. ఆ తర్వాతే నిర్మల్ అక్క చెప్పినట్టు బ్లేడ్లు. మొదటి పలక నీ టేకు కాకుండా ఏదైనా వేపదో మామిడిదో తీసుకుని, ఒక మిల్లీమీటరు లోతు పెట్టి పట్టు. కొసన పల్లం పడిందో లేదో చూసి ఇక్కడ ఫొటో పెట్టు. పడితే బయటి బల్లను వెంట్రుక వాసి పైకి లేపాలి, అది ఎంతో ఫొటో చూసి చెప్తాను.